మిస్సోరిలో మూడు ఏప్రిళ్లు: టర్కీ వేటకు ముందు తిరుగుడు అవసరమా?

మాది మాచర్ల దగ్గర పల్లె. ఉద్యోగం సెయింట్ లూయిస్‌లో. నేను టర్కీ కోళ్ల వేటకు వెళ్తున్నానంటే మా నాన్న ఇప్పటికీ ఫోన్లో గొంతు తగ్గిస్తాడు, ఎక్కడ ఫారెస్టువాళ్లు వింటారోనని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేటంటే కేసే కాబట్టి ఆయన భయం ఆయనది. ఇక్కడ దానికో పద్ధతి ఉంది. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ పూర్తి చేస్తే తప్ప మిస్సోరిలో తుపాకీతో వేటాడే మామూలు పర్మిట్ రాదు. పదహారేళ్లు దాటితే ఆ శిక్షణ అంతా ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఇంకో సంగతి చాలామంది మనవాళ్లకు తెలియదు: హెచ్‌1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. మీ పరిస్థితి ఏమిటో లాయరును ఒక మాట అడిగి గానీ ముందుకు వెళ్లకండి.

నన్ను ఇందులోకి దింపింది మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక పెద్దాయన. పన్నెండు గేజీ షాట్‌గన్ ఇచ్చి, నలభై గజాల్లో కాగితం మీద దాని చిన్న గుండ్లు ఎలా పరుచుకుంటాయో చూపించి, ఒకటే చెప్పాడు: "సీజన్‌కు ముందు వెళ్లి పక్షులెక్కడున్నాయో చూసిరా." ఫోన్లో శాటిలైట్ మ్యాపు ఉండగా తెల్లవారుజామున లేచి అడవిలో తిరగడం ఎందుకని నేను పట్టించుకోలేదు. కంప్యూటర్ల వాళ్లకు ఉండే జబ్బే అది.

2023లో వసంతకాలపు టర్కీ సీజన్ ఏప్రిల్ 17న మొదలైంది. పొటోసీ వైపు మార్క్ ట్వెయిన్ నేషనల్ ఫారెస్టులో, మ్యాపులో బాగుందనిపించిన ఒక మిట్ట దగ్గర కారు ఆపాను. ఇంకా చీకటే. కారు తలుపు వేసిన చప్పుడుకు ఎక్కడో దగ్గర్లోనే ఒక పుంజు గడగడమని అరిచింది. పొద్దుటిపూట ఉరుముకీ, తలుపు చప్పుడుకీ, గుడ్లగూబ కూతకీ అవి ఉలిక్కిపడి బదులిస్తాయని నాకప్పుడు తెలియదు. నా అదృష్టం పండిందనుకుని ఆ గొంతు వైపే నడిచాను. రెండు వందల అడుగులు వేశానో లేదో, నెత్తిమీద కొమ్మల్లోంచి తాటాకులు దులిపినట్టు చప్పుడు. అంత పెద్ద పక్షి రాత్రి చెట్టెక్కి పడుకుంటుందని పుస్తకంలో చదివాను కానీ, ఆ చెట్టు కిందికే సరాసరి నడుస్తున్నానని తోచలేదు. ఆ తర్వాత ఒంటిగంట దాకా కూర్చున్నా అడవి నోరు విప్పలేదు. ప్రభుత్వ భూముల్లో వసంతకాలపు వేట ఒంటిగంటకే ఆపాలి కాబట్టి తుపాకీ సర్దుకుని ఇంటికొచ్చాను.

మరుసటి ఏడాది రోషం పొడుచుకొచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచే ప్రతి శనివారం అడవిలోనే. మా ఆవిడ "ఏమండీ, అక్కడే ఓ గుడిసె వేసుకోండి" అంది. ఒక బీడు అంచున ఇరవైకి పైగా టర్కీలు మేస్తూ కనిపించాయి. రెట్టలు కూడా పరిశీలించడం నేర్చుకున్నాను: కొక్కెంలా వంకర తిరిగి ఉంటే పుంజు, చుట్టగా ముద్దలా ఉంటే పెట్ట. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మార్చిలో ఒకరోజు, కొత్తగా కొన్న, మూత రుద్దితే పెట్ట గొంతు పలికే చిన్న కర్రపెట్టెతో పెట్ట కూత కూశాను. ఒక పుంజు ఇరవై అడుగుల దూరానికి వచ్చేసింది. పురి విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, తల క్షణానికో రంగు మారుస్తూ నా ముందు తిరిగింది. ఫోన్లో వీడియో తీసి ఇంటి గ్రూపులో పెట్టాను. తీరా అక్కడ పెట్ట లేదని తెలిశాక అది మెడ సాచి నావైపు చూసి, గబగబా వెళ్లిపోయింది.

ఏప్రిల్ 15న అదే చోట కూర్చున్నాను. ఆ ఇరవైలో ఒక్కటీ లేదు. చలికాలంలో మందగా ఉండేవి వసంతం రాగానే విడిపోయి, గూళ్లకు అనువైన చోట్లకు చెదిరిపోతాయట. ఫిబ్రవరిలో నేను చూసింది వాటి చలికాలపు కాపురం. దూరంగా ఒక పుంజు అరిచింది కానీ నేను కర్రపెట్టె రుద్దగానే నోరు మూసుకుంది. అది నా వీడియోలోదే అని రుజువు లేదు గానీ నాకు అనుమానమే. పెద్దాయన నవ్వి, "సీజన్‌కు ముందే దానికి ట్యూషన్ చెప్పి వచ్చావు" అన్నాడు.

మా తాత కముజు పిట్టల కోసం దీమం పెట్టేవాళ్ల సంగతులు చెప్పేవాడు. పంజరంలో పెంపుడు పిట్టను ఉంచి అరిపిస్తే అడవి పిట్ట పౌరుషంతో వచ్చి ఉచ్చులో పడుతుంది. టర్కీ వేటలో మనిషే దీమం. పైగా తిరకాసు ఒకటుంది. ఈ జాతిలో పుంజు పురి విప్పి అరిస్తే పెట్టే దాని దగ్గరికి నడుస్తుంది. మనం పెట్టలా కూసి పుంజునే రమ్మంటున్నాం, అంటే దాని ఆచారానికి అడ్డం. వచ్చే దారిలో వాగో, ముళ్లకంచో, దట్టమైన పొదో ఉంటే అక్కడే ఆగి, "నువ్వే రా" అన్నట్టు అరుస్తూ నిలబడుతుంది. కాబట్టి ఎన్ని పక్షులున్నాయో లెక్కపెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. అది ఎక్కడ పడుకుంటుంది, పొద్దున్నే ఏ దారిన నడుస్తుంది, మధ్యలో ఏమి అడ్డం ఉంది: ఇవి తెలియాలి. ఇది బుర్రకెక్కడానికి నాకు రెండేళ్లు పట్టింది.

2025లో మార్చి నెలాఖరు దాకా కారు తియ్యలేదు. ఆ తర్వాత మూడే మూడు పొద్దులు. ఐదున్నరకల్లా మిట్ట మీది మట్టిరోడ్డులో నిలబడటం, అడవిలో అడుగు పెట్టకపోవడం. నోటితో ఊదే గుడ్లగూబ పీక తప్ప పెట్ట కూత జోలికే పోలేదు. మొదటి పొద్దున ఒక పుంజు అరిచిన దిక్కును ఫోన్ దిక్సూచిలో చూసి మ్యాపు మీద గీత గీశాను. రెండో పొద్దున అర మైలు అవతల నిలబడి ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన చోట, వాగు ఒడ్డున పైన్ చెట్ల గుంపు ఉంది. మూడోసారి మాత్రం పక్షులు దూరంగా మేతకు పోయే మధ్యాహ్నం వేళ లోపలికి నడిచాను. చెట్ల కింద రెట్టలు, ఆకులు చెల్లాచెదురుగా తవ్విన గుర్తులు. అవతలి ఒడ్డున, ఎప్పుడో కలప లాగిన పాత బాట మీది మెత్తటి మట్టిలో, పుంజు అడుగుల జాడకు రెండు పక్కలా సన్నటి గీతలు. పురి విప్పి నడిచేటప్పుడు రెక్కల కొసలు గీసిన గీతలవి. రోడ్డు నుంచి దగ్గర దారిలో వచ్చి కూర్చుంటే మా ఇద్దరి మధ్యా వాగు ఉంటుంది. చుట్టూ తిరిగి రావాలంటే మైలు నడక.

ఇదంతా చెబితే మా ఫ్రెండొకడు "ఇంత యాతన ఎందుకురా, ఆ బాట మీద నాలుగు గుప్పెళ్లు నూకలు చల్లితే పోలా?" అన్నాడు. మేత చల్లి టర్కీని కొట్టడం ఇక్కడ నేరం. చల్లినది పూర్తిగా తీసేశాక కూడా పది రోజుల దాకా ఆ చోటు మేత చల్లిన చోటు కిందే లెక్క.

ఏప్రిల్ 21, సోమవారం. సెలవు పెట్టాను. నాలుగింటికే ఆ మైలు నడిచి, బాటకు ముప్పై అడుగుల్లో ఒక లావుపాటి ఓక్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాను. చేతికున్న ఎర్రటి గుడి దారం తీసి జేబులో పెట్టుకున్నాను. పుంజు తలలో ఉండేవి ఎరుపు, తెలుపు, నీలం. ఆ రంగులు ఒంటిమీద ఉంటే ఇంకో వేటగాడు పొరబడే ప్రమాదం ఉంది. ఐదున్నర దాటాక పైన్ చెట్లలోంచి అరుపు. పొద్దెక్కుతుండగా రెక్కల చప్పుడు, దిగాయి. మెల్లగా రెండుసార్లు కూశాను. బదులు ఇచ్చింది కానీ రాలేదు. నిజం పెట్టలు మూడు దాని ముందే ఉండగా నా కర్రపెట్టె దేనికి? వాటి వెనకే ఎగువకు పోయింది.

రెండేళ్ల కిందటైతే లేచి వెంటబడేవాణ్ణి. ఆ రోజు కదల్లేదు, ఎందుకంటే మట్టిలో గీతలు చూశాను. పెట్టలు పొద్దెక్కాక గూళ్ల వైపు జారుకుంటాయి, పుంజు ఒంటరిదవుతుంది. పదీ ఇరవైకి, ఏ చప్పుడూ లేకుండా, ఆ బాట మీదే రెక్కలు రాసుకుంటూ వచ్చింది. ఒకే దెబ్బ. పందొమ్మిది పౌన్లు తూగింది. రాత్రి పదిలోపు వేట వివరాలు రాష్ట్ర కన్జర్వేషన్ శాఖకు తెలపాలి కాబట్టి కారెక్కకముందే ఫోన్లో నమోదు చేశాను. రొమ్ముమాంసం మామూలు కోడికూరలాగే ఉడికింది. తొడలకు మాత్రం కుక్కర్ ఎనిమిది విజిళ్లు వేసినా చాలలేదు. గోంగూర వేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

వసంతంలో ఒక్కొక్కరికి రెండు పుంజులు, మొదటి వారంలో మాత్రం ఒకటే. రెండోదాని కోసం మే 3న అదే ఓక్ చెట్టు కిందికి వెళ్లాను, మళ్లీ చూసుకోకుండానే. చెట్లన్నీ ఆకు తొడిగి పదడుగుల అవతల ఏముందో కనిపించలేదు. గుడ్లగూబ పీకకు కాకి ఒకటి బదులిచ్చింది. లేచి పైన్ చెట్ల కిందికి నడిచి వంగి చూశాను. రెట్టలన్నీ ఎండి తెల్లబడి ఉన్నాయి, కొత్తది ఒక్కటీ లేదు.