అన్నీ నార్మలే అక్కా

నేను కర్నూల్లో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, మిషన్లో పెట్టడం, రిపోర్ట్ ప్రింట్ తీసి కవర్లో పెట్టి ఇయ్యడం, పదమూడేళ్ళుగా ఇదే పని. కవర్ చేతికిచ్చేటప్పుడు ఎవరూ రిపోర్ట్ చూడరు, మన మొహం చూస్తారు, అంకెలు వాళ్ళకు అర్థం కావు కదా, అందుకని "ఏం లేదు పెద్దాయనా, అన్నీ నార్మలే" అని చెప్పి పంపేది నాకు అలవాటు. మంచి మాటే కదా, ధైర్యంగా ఇంటికి పోతారు అనుకునేదాన్ని. ఇదే మాట 2021 ఆగస్టులో, కోవిడ్ తగ్గినా ఒళ్ళు బాగుపడని మా అక్కకు కూడా చెప్పినా. ఆ మాట పట్టుకోని మా అక్కను ఇంట్లో వాళ్ళు ఎంత నలిపినారో తర్వాత చూసినా, అది ఇంకా నా మనసులో నుంచి పోలే, అందుకే రాస్తాండా.

అక్కవాళ్ళది ఆదోని. బావ, అక్క ఇంటి ముందరే టిఫిన్ హోటల్ నడుపుతారు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ, దోశ, పదకొండుకు కట్టేస్తారు. మార్కెట్ యార్డుకు పత్తి తోలుకొచ్చే రైతులు, హమాలీలు, వీళ్ళే ఎక్కువ గిరాకీ. బొరుగులు తడిపి పిండేటప్పుడే అక్క చెయ్యి చూడాల, నీళ్ళు ఎంత ఉండాలో ఆ వేళ్ళకు తెలుసు, ఎర్రగడ్డ పచ్చిమిరపకాయ తిరగమాతలో వేగే వాసనను బట్టే మంట తగ్గిస్తుంది, కళ్ళతో చూడాల్సిన పని లేదు. ముప్పై మంది ఖాతా నోటితోనే చెప్తుంది, ఎవరు రెండు ప్లేట్లు తిన్నారు, ఎవరు పోయినవారం బాకీ, ఏ పుస్తకం లేదు.

2021 మే నెల అందరికీ గుర్తే ఉంటది. కోవిడ్ ముందు బావకు వచ్చింది, మూడో రోజుకు అక్కకు. అక్కకు అప్పుడు 38, మా దగ్గర 45 దాటినోళ్ళకే టీకాలు వేస్తాండ్రి, అక్కకు ఇంకా పడలే. ఐదు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఆక్సిజన్ ఒక్కసారి కూడా 95 కింద పడలే. ఊపిరితిత్తులకు ఏమీ కాలే, ఆస్పత్రికి పోలే. మా వీధిలో ఒకాయన ఆక్సిజన్ బెడ్డు కోసం అంబులెన్సులో ఊర్లన్నీ తిరిగి దోవలోనే పోయినాడు, అట్లాంటి రోజుల్లో మా అక్కది ఒక లెక్కా, దేవుడు చల్లగా చూసినాడు అనుకున్నాం. నెగిటివ్ వచ్చింది, అమ్మ పోయి దిష్టి తీసి వచ్చింది, అయిపోయింది.

కానీ అయిపోలే. జ్వరం నాలుగో రోజే వాసన పూర్తిగా పోయింది, అది చాలామందికి పోయి మళ్ళా వచ్చిందే, అక్కకు కూడా జులైలో వచ్చింది కానీ తప్పుగా వచ్చింది. ఎర్రగడ్డ నూనెలో పడితే కాలిన రబ్బరు, మురికికాలవ రెండూ కలిపినట్టు వాసన. తెల్లగడ్డ అంతే, కాఫీ అంతే, గుడ్డు అంతే, ఆఖరికి పళ్ళు తోముకునే పేస్టు కూడా. పొయ్యి ముందర నిలబడి కొంగు ముక్కుకు కట్టుకోని తిరగమాత పెడుతూ మధ్యలో వెనక్కు పోయి వాంతి చేసుకోని వచ్చేది. ఇంకోటి ఏమంటే నిలబడితే పది నిమిషాలకు గుండె దడదడ, కళ్ళు చీకట్లు, కూర్చుంటే సర్దుకునేది. "రెండు ఉగ్గాని ఒక దోశ" అని చెప్తే పొయ్యి దగ్గరకు పోయేలోపల మర్చిపోయేది. వాళ్ళ అత్త ఏమో "జ్వరం పోయి మూడు నెల్లాయ, ఊరంతా లేచి పనులు చేసుకుంటాంటే నీకు ఒక్కదానికేనా నీరసం" అని.

ఆగస్టులో కర్నూలుకు పిలిపించి నేనే రక్తం తీసినా. సీబీసీ (రక్తకణాల లెక్క), షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సీఆర్పీ (ఒంట్లో వాపు పరీక్ష), డీ-డైమర్ (రక్తం గడ్డల పరీక్ష) అన్నీ చేసినా, బయట ఈసీజీ తీయించినాం. అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి. సాయంత్రం ఫోన్ చేసి సంతోషంగా చెప్పినా, "అన్నీ నార్మలే అక్కా, ఏం లేదు నీకు, బలంగా తిను" అని. అక్క కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "అయితే నాదే తప్పా పాపా" అనింది.

నాకు అప్పుడు ఆ మాట అర్థం కాలే. ఆ కవరు తీస్కపోయి ఇంట్లో పెడితే అదే సాక్ష్యమైంది, "నీ చెల్లెలే చెప్పింది కదా ఏం లేదని" అని ప్రతి పూటా. ఒక క్లినిక్‌లో చూపిస్తే రిపోర్టులు తిరగేసి మనసులో భయం పెట్టుకున్నావమ్మా, పనిలో పడు పోతుంది అని నిద్రమాత్రలు రాసిచ్చినారంట. అక్క పౌరుషం మనిషి, పనిలో పడింది. రెండు రోజులు మునుపటి మాదిరి చేస్తుంది, మూడోరోజు మంచం దిగలేదు, మళ్ళా నాలుగు రోజులు అదే. మళ్ళా లేచి మళ్ళా అదే పని. ఇట్ల దీపావళి దాకా.

దీపావళికి మా ఇంటికి వచ్చింది. 2021లో ప్రతి ఇంట్లో కొన్న ఆ వేలికి పెట్టే ఆక్సిమీటరు మా ఇంట్లో కూడా ఉంది, ఆక్సిజన్ కోసం కొన్నాం కానీ దాంట్లో కింద ఇంకో అంకె వస్తుంది కదా, పల్స్, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కను పది నిమిషాలు పడుకోబెట్టి చూస్తే 76. లేపి గోడకు ఆనించి నిలబెట్టి, కదలకుండా, నిమిషం నిమిషం రాసుకున్నా. మూడో నిమిషానికి 108, ఏడో నిమిషానికి 121, పాదాలు ఎర్రగా కందినట్టు అయినాయి, "కూర్చుంటా పాపా" అనింది. బీపీ చూస్తే పడలే. ఊరికే నిలబడితేనే గుండె 45 పెరిగింది, మెట్లెక్కలే, పరిగెత్తలే. నేను తీసిన రక్తం అంతా అక్కను కూర్చోబెట్టి తీసిందే కదా, ఈసీజీ పడుకోబెట్టి తీసిందే కదా, జబ్బు ఏమో నిలబడితే వచ్చేది. ఇంగ రిపోర్ట్‌లో యాడ కనపడతది?

ఫిజీషియన్ దగ్గరకు తీస్కపోతే ఆ కాగితం చూసి ఆయన వెంటనే చెప్పినాడు, దీన్ని పాట్స్ అంటారంట. నిలబడిన పది నిమిషాల్లో బీపీ పడకుండా గుండె 30 కంటే ఎక్కువ పెరిగితే, అది నెలల తరబడి ఉంటే, ఇది అని అనుమానించాల. నిలబడినప్పుడు రక్తం కాళ్ళలోకి జారిపోకుండా రక్తనాళాలను బిగించే నరాల వ్యవస్థ ఒకటి ఉంటది, అది గాడి తప్పుతుంది. భయం కాదు, బద్ధకం కాదు. డాక్టరు ఈ మాట చెప్తాంటే అక్క ఏడ్చేసింది, జబ్బు ఉందని చెప్తే ఏడవలే, జబ్బు ఉందని ఒకరు ఒప్పుకున్నారని ఏడ్చింది.

అప్పటినుంచి నేను దీని గురించి వెతికి చదవడం మొదలుపెట్టినా, వచ్చిన పేషెంట్లను అడగడం కూడా. కోవిడ్ అంటే ఊపిరితిత్తులు అనే మనందరి లెక్క, సీటీ స్కాన్‌లో ఎంత స్కోరు, ఆక్సిజన్ ఎంత, ఈ రెండే అడిగేవాళ్ళం. కానీ ఆ వైరస్ లోపలికి దూరే తలుపు ఉంటది చూడండి, ఏసీఈ2 అంటారు, అది ఊపిరితిత్తుల్లో ఒక్కదాంట్లోనే లేదు, గుండెలో, కిడ్నీలో, పేగుల్లో కూడా ఉంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటే రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. డీ-డైమర్ అనే పేరు 2020కి ముందు మా ల్యాబ్‌కు వచ్చేవాళ్ళలో ఒక్కరికి కూడా తెలీదు, రెండో వేవ్‌లో ఆటో డ్రైవర్లు కూడా "డీ-డైమర్ ఎంతుంది మేడం" అని అడిగేవాళ్ళు. లోపల కట్టిన గడ్డలు కరిగేటప్పుడు వచ్చే ముక్క అది. నెగిటివ్ వచ్చిన రెండు వారాలకు ఒకాయన ఒక పిక్క మాత్రమే వాచి కుంటుకుంటా వచ్చినాడు, బెణికిందేమో అని నూనె రాపించుకుంటాండాడు ఇంట్లో. కాలి సిరలో గడ్డ. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి ఉంటే రుద్దొద్దండి దయచేసి, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణమే పోతుంది, ఆ రోజే ఆస్పత్రికి పోండి.

గుండె సంగతి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో మాజీ సైనికుల ఆస్పత్రి డాక్టర్ జియాద్ అల్-అలీ, ఆయన టీం కలిసి కోవిడ్ వచ్చిన లక్షన్నర మందికి పైగా రికార్డులు చూసి 2022 ఫిబ్రవరిలో రాసినారు, ఏడాది తర్వాత కూడా గుండె ఫెయిల్యూర్, పక్షవాతం, గుండె లయ తప్పడం ఇవన్నీ రాని వాళ్ళకంటే ఎక్కువ, ఆస్పత్రిలో చేరకుండా ఇంట్లోనే తగ్గినోళ్ళలో కూడా. మెదడు గురించి అయితే ఇంగ్లాండులో 785 మందికి ముందే తీసి పెట్టిన స్కాన్లు ఉండె, వాళ్ళలో 401 మందికి తర్వాత కోవిడ్ వచ్చింది, మళ్ళా స్కాన్ తీస్తే వాసనకు సంబంధించిన భాగాల్లో మెదడు పొర కొంచెం పలచబడింది, అది కూడా ఎక్కువమంది లైట్‌గా వచ్చినోళ్ళే. ఇది చదివిన రోజు నాకు అక్క ఖాతా మర్చిపోవడం గుర్తొచ్చి నిద్ర పట్టలే.

స్టెరాయిడ్ల గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన దగ్గర జరిగిన నష్టంలో చాలా భాగం అదే. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో ఇంగ్లాండులో చేసిన ట్రయల్ చెప్పింది నిజమే, కానీ ఆక్సిజన్ అవసరం పడినోళ్ళకు మాత్రమే, అవసరం లేనోళ్ళకు లాభం కనపడలేదని అదే ట్రయల్‌లో ఉంది. మన దగ్గర ఏమైంది, ఎవరికో రాసిన చీటీ వాట్సాప్‌లో ఊరంతా తిరిగి, రెండో రోజు జ్వరానికే మందుల షాపులో కొనుక్కోని మింగినారు. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది. షుగర్ 400, 500 ఉన్న శాంపిల్స్ ఆ మే నెలలో నేను చూసినన్ని ఎప్పుడూ చూడలే, అంతకుముందు షుగర్ లేదు మాకు అనేవాళ్ళే సగం మంది. ఆ వెనకాలే బ్లాక్ ఫంగస్, ముక్కు నుంచి కంటికి పాకే బూజు జబ్బు. జూన్ ఆఖరుకు దేశంలో కేసులు 40 వేలు దాటినాయి, మన రాష్ట్రంలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చాల్సి వచ్చింది. కన్ను తీసేసిన వాళ్ళ రక్తం తీసేటప్పుడు వాళ్ళు రెండో కంటితో నన్నే చూస్తాంటే నాకు సూది చేతిలో ఉండేది కాదు.

ఆ ఏడాది చివర్లో ఒక పిల్లోడు, పాతికేళ్ళు కూడా ఉండవు, గజ్జల్లో నొప్పి అని ఎక్స్‌రే తీయించుకుంటే నార్మల్. ఆర్నెల్లకు నడక మారిపోయింది, ఎంఆర్ఐ తీస్తే తుంటి కీలులో తొడ ఎముక పైకొన రక్తం అందక చచ్చిపోతాంది. స్టెరాయిడ్లు ఎక్కువ వాడినోళ్ళకు వచ్చేదే ఇది, మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐలోనే కనపడుతుంది. ఆ పిల్లోనికి కూడా ఎవరో "నార్మల్ రా, ఏం లేదు" అని చెప్పే ఉంటారు.

(జుట్టు రాలడం గురించి చాలామంది ఆడపిల్లలు అడుగుతాంటారు కాబట్టి ఒక్క మాట. జ్వరం పోయిన రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది, ఏ పెద్ద జ్వరం తర్వాతైనా ఇట్లనే రాలుతుంది, చాలావరకు మళ్ళా దానంతట అదే వస్తుంది. వేలు పోసి నూనెలు కొనాల్సిన పని లేదు.)

2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఒక లెక్క చెప్పింది, కోవిడ్ మొదలై మూడు నెలలైనా లక్షణాలు ఉండి, రెండు నెలలకు తగ్గకుండా సాగుతూ, వేరే జబ్బుతో సరిపోకపోతే దాన్ని కోవిడ్ తర్వాతి పరిస్థితి అనాలని. టీకా వేసుకున్నోళ్ళకు ఇట్ల అయ్యే అవకాశం తక్కువని కూడా తర్వాత తేలింది. మా అక్క ఆగస్టులో నా ముందర కూర్చున్నప్పుడు ఆ లెక్కే ఇంకా రాలే, కానీ అక్క తన నోటితో అన్నీ చెప్పింది, వినాల్సింది నేను.

డాక్టరు అక్కకు చెప్పినవి: నీళ్ళు బాగా తాగు, ఉప్పు పెంచు (ఇది బీపీ ఉన్నోళ్ళు, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నోళ్ళు డాక్టర్ని అడగకుండా చేయొద్దు), కాళ్ళకు బిగుతు మేజోళ్ళు, గుండె వేగానికి ఒక చిన్న మాత్ర. అన్నిటికంటే ముఖ్యం, ఓపిక ఉన్న రోజు ఉన్నదంతా ఖర్చు పెట్టొద్దు అని. ఈ జబ్బులో చాలామందికి చేసిన పని దెబ్బ అదే రోజు తెలీదు, మర్నాడో ఆ మర్నాడో పడేస్తుంది. పనిలో పడితే పోతుంది అనే మాట ఇట్లాంటి వాళ్ళకు విషమే. బావకు ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు గంటలు పట్టింది, కానీ అర్థమైనాక మనిషి మారినాడు, పొయ్యి పక్కన ఎత్తు స్టూలు వేసినాడు, వారంలో నాలుగు రోజులే హోటల్ తీస్తారు.

వాసనకు మందు లేదు, అలవాటు చేయించాల. జర్మనీలో హుమ్మెల్ అనే డాక్టరు 2009లోనే చేసి చూపించినాడు, గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగూ రోజుకు రెండుసార్లు, ఒక్కోటి కొన్ని సెకన్లు, నెలల తరబడి వాసన చూడాల. అక్క దేవుని పటం దగ్గర గులాబి పువ్వు, నిమ్మకాయ తొక్క, పోపులపెట్టెలో లవంగం, నీలగిరి తైలం సీసా ఒక తట్టలో పెట్టుకోని పొద్దున సాయంత్రం కళ్ళు మూసుకోని కూర్చునేది. లవంగం ఐదో నెలలో వచ్చింది, సరిగ్గా. కొత్తిమీర ఏడాదికి. ఎర్రగడ్డ సగం.

ల్యాబ్‌లో నేను ఇప్పుడు "ఏం లేదు, నార్మల్" అనడం మానేసినా. "ఈ పరీక్షల్లో ఏం కనపడలేదమ్మా, కానీ నీకు ఎట్లుందో అది డాక్టరుకు ఒక్కోటీ చెప్పు, ఏ టైంలో వస్తుందో రాసుకోని పో" అంటా. పక్కన వచ్చినోళ్ళకు కూడా వినపడేలా అంటా, భర్తకో అత్తకో. లైన్లో నిలబడినోళ్ళు విసుక్కుంటారు లేటవుతుందని, పర్వాలేదు.

మొన్న ఉగాదికి ఆదోని పోయినా. తెల్లగడ్డ వాసన అక్కకు ఇంకా రాలే, బాణలిలో నూనె పాతబడిందో లేదో కూడా తెలీదు. బజ్జీలు మొదలుపెట్టే ముందు "రేయ్ నాయనా, రా" అని పిలుస్తుంది, స్కూల్ డ్రెస్సు వేసుకోని పిల్లోడు వచ్చి బాణలి మీదికి వంగి వాసన చూసి "బాగుందిమా" అని చెప్తాడు. అప్పుడు పొయ్యి వెలిగిస్తుంది.