ఫ్రిస్కో నుంచి లేక్ ఫోర్క్ దాకా, వెనకాల బోటు కట్టుకుని

మార్చి నెలలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఈస్ట్ టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ చెరువుకు చేపల వేటకు వెళ్లి వచ్చాం. ఐ-30 మీద రాక్‌వాల్ దాటి గ్రీన్‌విల్ చేరాక యూఎస్ 69 పట్టుకోవాలి. లోన్ ఓక్, పాయింట్ ఊళ్ల మీదుగా ఎమరీ వస్తుంది. అక్కడి నుంచి ఎఫ్ఎం 515 రోడ్డు చెరువు దాకా తీసుకెళ్తుంది. ఒట్టి కారుకయితే గంటన్నర. వెనకాల బోటు ఉంటే రెండు గంటలు వేసుకోవడం మంచిది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో బోటు కొన్నవాళ్లు కలిస్తే ఏ ఎర, ఏ రీలు అన్న మాటలే నడుస్తాయి. ట్రెయిలర్ ఊసెత్తేవాళ్లు తక్కువ. చేప పడకపోతే పోయేది ఒక పూటే. హైవే మీద బేరింగు కాలిపోతే ఆ రోజుతో పాటు హబ్ (చక్రం బిగించే కుండ), ఇరుసు, ఒక్కోసారి చక్రం కూడా పోతాయి. అందుకే ఇందులో చేపల కన్నా దారి సంగతులు ఎక్కువ.

బోటు 17 అడుగుల అల్యూమినియంది, 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు, ఒకే ఇరుసు ట్రెయిలర్. పెట్రోలు, బ్యాటరీలు, సామాను అన్నీ కలిపితే 2,200 పౌండ్ల దాకా తూగుతుంది. పెట్రోలు గ్యాలన్ ఆరు పౌండ్ల పైమాటే, డీప్ సైకిల్ బ్యాటరీ ఒక్కోటి 50, 60 పౌండ్లు ఉంటుంది కాబట్టి కంపెనీ కాగితాల్లో రాసిన ఒట్టి బోటు బరువు చూసి లెక్క వేసుకోకూడదు. మొత్తం బరువులో పదో వంతు, అటూ ఇటూగా, హిచ్ బాల్ మీద, అంటే కారు వెనక ట్రెయిలర్ తగిలించే ఇనప గుండు మీద, పడాలి. అంతకన్నా బాగా తగ్గితే 60 మైళ్ల వేగం దాటగానే ట్రెయిలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఒళ్లు తూచుకునే తూకం మీద చెక్క దిమ్మ పెట్టి, హిచ్‌కు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ట్రెయిలర్ ముక్కున ఉండే కప్లర్‌ను దాని మీద ఆనిస్తే లెక్క తేలిపోతుంది. తక్కువ వస్తే ముందు సామాను, బ్యాటరీలు ముందుకు జరిపి చూడాలి. అప్పటికీ కుదరకపోతే బోటును లాగి పట్టే విన్చ్ స్తంభాన్ని ముందుకు జరపాలి, లేదంటే ఇరుసును వెనక్కి. విచిత్రం ఏమిటంటే, చాలామంది తోక ఊగుతుంటే టైర్లను అనుమానిస్తారు.

టైర్లను అనుమానించాల్సిన చోటు వేరే ఉంది. ట్రెయిలర్ టైర్ల మీద ఎస్‌టీ అని ఉంటుంది. కారు టైర్లు దానికి పనికిరావు. మావి 14 అంగుళాలవి, లోడ్ రేంజ్ (మోయగల బరువు తరగతి) సీ, చల్లగా ఉన్నప్పుడు 50 పీఎస్ఐ గాలి పెట్టాలి. గాలి తగ్గితే టైరు పక్క గోడలు మడతలు పడుతూ వేడెక్కుతాయి, పేలిపోయేది ఆ వేడికే. కారుకు 35 పెడతాం కదా అని దీనికీ అంతే పెడితే ఎండాకాలం గ్రీన్‌విల్ దాకా కూడా నమ్మకం లేదు. బోటు ట్రెయిలర్ ఏడాదిలో తిరిగేది తక్కువ కాబట్టి టైరు గాట్లు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. పక్క గోడ మీద డీఓటీ వరస చివర నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే పైకి కొత్తగా కనిపించినా మార్చేయాల్సిందే.

స్పేర్ టైరు ఉన్నంత మాత్రాన సరిపోదు. కారుతో వచ్చిన పానా ట్రెయిలర్ నట్లకు పట్టకపోవచ్చు. కారు జాకీ, టైరు కూలబడిన ఇరుసు కింద దూరకపోవచ్చు. చిన్న బాటిల్ జాకీ, ఒక చెక్క దిమ్మ, సరిపడే సాకెట్, చక్రాలకు అడ్డం పెట్టే రెండు దిమ్మలు వెంట ఉండాలి. చక్రం విప్పి బిగించాక నట్లు ఎదురెదురుగా బిగిస్తూ పోవాలి. 14 అంగుళాల చక్రానికి, అర అంగుళం స్టడ్లయితే, మామూలుగా 90 నుంచి 120 ఫుట్-పౌండ్లు. పది మైళ్లు నడిచాక ఒకసారి, పాతిక మైళ్లకు ఇంకోసారి టార్క్ రెంచి వేసి చూడాలి.

గ్రీన్‌విల్‌లో ఆగడం కాఫీకి మాత్రమే కాదు. ఆగిన వెంటనే రెండు హబ్‌ల మీద అరచెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా, రెండు వైపులా ఒకేలా ఉంటే ఏ బెంగా లేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఒకటి, మామూలుగా ఒకటి ఉంటే ఆ వేడి వైపు బేరింగుకు గ్రీజు అందడం లేదని, లేదా నట్టు మరీ బిగుసుకుందని, బ్రేకులున్న ట్రెయిలరయితే బ్రేకు పట్టేసిందని అర్థం. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే దాన్ని కారకుండా ఆపే వెనక సీలు పోయింది. అలాంటప్పుడు ముందుకు కాదు, అక్కడే విప్పడం.

బోటు ట్రెయిలర్ బేరింగులకు ఈ గతి ఎందుకంటే, వేడెక్కిన హబ్ చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆ నీరు గ్రీజును కొట్టేస్తుంది, మిగిలిన తేమ నెలల తరబడి గ్యారేజీలో రోలర్లకు తుప్పు పట్టిస్తుంది. మళ్లీ బయటికి తీసినప్పుడు ఆ తుప్పు గుంటల దగ్గరే రోలర్లు గీసుకుపోతాయి. అందుకే బోటు దించే ర్యాంపు దగ్గరికి రాగానే నీళ్లలోకి దించకుండా పదిహేను, ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. ఎలాగూ సామాను సర్దుకోవడానికి అంత పడుతుంది. హబ్ మూతి మీద స్ప్రింగు ఉన్న బేరింగ్ బడ్డీ లాంటివి ఈ పీల్పును ఆపడానికే. లోపల కొద్దిపాటి ఒత్తిడి నిలుపుతాయి. పిస్టన్ ఒక అంగుళంలో ఎనిమిదో వంతు బయటికి వచ్చేదాకా చేతి గన్‌తో నెమ్మదిగా కొట్టి ఆపేయాలి. ఇంకా కొడితే ఆ గ్రీజే వెనక సీలును తోసేస్తుంది. మూతికి గ్రీజు కొట్టాం కదా అని ఏటా హబ్ విప్పడం మానేయకూడదు. లోపలి బేరింగు చుట్టూ ఉన్న పాత గ్రీజు అలా కదలదు.

3,500 పౌండ్ల ఇరుసులు చాలావాటికి లోపల ఎల్68149, బయట ఎల్44649 బేరింగులు పడతాయి. కొనేముందు పాతదాని మీది అంకె చదువుకోవాలి, ఎందుకంటే సన్నటి ఇరుసులకు కొలతలు వేరు. బేరింగుతో పాటు అది కూర్చునే ఉక్కు కప్పు కూడా మార్చాలి, సీలు ప్రతిసారీ కొత్తదే. కిరోసిన్‌తో కడిగి, ఆరాక, అరచేతిలో గ్రీజు పెట్టుకుని వెడల్పు వైపు నుంచి రోలర్ల మధ్య గుండా అవతలికి వచ్చేదాకా నొక్కాలి. బిగించేటప్పుడు హబ్ తిప్పుతూ క్యాసిల్ నట్టు గట్టిగా బిగించి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో బిగుసుకున్నంత వరకే తెచ్చి నట్టు తిరగకుండా కాటర్ పిన్ను వేయాలి. పానాతో బిగించి వదిలేసిన హబ్ వంద మైళ్లు నడవదు. రెండు రకాల గ్రీజులు కలపడం కూడా మంచిది కాదు. కొన్ని కలిస్తే నీరులా జారిపోతాయి. దూరం వెళ్లేటప్పుడు బేరింగులు, గ్రీజు పెట్టి సిద్ధం చేసిన హబ్ ఒకటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటే రోడ్డు పక్కన అరగంట పనే.

లైట్ల తంటా దాదాపు ఎప్పుడూ ఎర్తింగుదే. తెల్ల వైరు ఎర్త్, గోధుమ రంగుది వెనక లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఎడమ సిగ్నల్ వేస్తే రెండు వైపులా మసగ్గా మినుకుమంటే బల్బు కాదు, తెల్ల వైరు ఫ్రేముకు బిగించిన చోట తుప్పు గీకాలి.

ర్యాంపు మర్యాద ఒకటుంది. పనులన్నీ పక్కన, పార్కింగులోనే తెమల్చుకోవాలి: వెనక పట్టీలు విప్పడం, మోటారు కింద ఆనించే కర్ర తీయడం, తాళాలు, లైఫ్ జాకెట్లు ఎక్కించడం, లైట్ల ప్లగ్గు పీకడం, అన్నిటికన్నా ముందు వెనక తూటుకు డ్రెయిన్ ప్లగ్గు బిగించడం. విన్చ్ పట్టీ, ముక్కు దగ్గరి గొలుసు మాత్రం బోటు నీళ్లు తాకేదాకా విప్పకూడదు. నాచు పట్టిన ర్యాంపు మీద గొలుసు విప్పిన బోటు కాంక్రీటు మీదికి జారిపడటం లేక్ ఫోర్క్ దగ్గర వారాంతాల్లో కనబడని దృశ్యం కాదు. వెనక్కి తోలేటప్పుడు స్టీరింగు అడుగు భాగం పట్టుకుంటే సులువు: చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ అటే పోతుంది.

ఈ చెరువు 1980లో సబైన్ నది ఉపనది మీద కట్ట వేసి నీళ్లు నింపడం మొదలుపెట్టినది, 27,000 ఎకరాల పైచిలుకు. అడవిని పూర్తిగా కొట్టకుండానే నీళ్లు నింపారు. ఎండిన మోడులు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, నీటికి అరడుగు కింద విరిగి ఉన్నవే ప్రమాదం. గుర్తులు పెట్టిన బోటు దారులు దాటితే ట్రోలింగ్ మోటారు (బ్యాటరీతో నడిచే చిన్న మోటారు) వేగమే. మోడు తగిలాక ఇంజను రొద పెరిగి బోటు కదలకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారిందన్నమాట. నెమ్మదిగా ఐడిల్‌లో ఒడ్డు చేరవచ్చు. ట్రోలింగ్ మోటారుకయితే తెగేది షియర్ పిన్ను. అది చవక వస్తువే, లేకపోతే రోజంతా తెడ్డే. ప్రొపెల్లర్, షియర్ పిన్ను రెండూ స్పేర్ ఉండాలి. 26 అడుగుల లోపు బోటులో నడిపేవాళ్లు మనిషి పడిపోతే ఇంజను ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం. పదమూడేళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి.

మోటారు వెనక నుంచి సన్నటి నీటిధార వస్తోందా అని మొదటి నిమిషంలోనే చూడాలి. రాకపోతే నీళ్లు తోడే ఇంపెల్లర్ పోయిందని కంగారు పడేముందు ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి పొడవండి. టెక్సాస్‌లో కందిరీగలు అక్కడ మట్టిగూడు కట్టేస్తాయి.

టెక్సాస్ లార్జ్‌మౌత్ బాస్ చేప రికార్డు, 18.18 పౌండ్లు, 1992 జనవరిలో ఇక్కడే పడింది. చెరువుకు నియమాలు వేరు: 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ను వదిలేయాలి. రోజుకు ఐదు, అందులో 24 దాటినది ఒక్కటే. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కాలి. మేం వెళ్లినప్పుడు నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్నాయి, గుడ్లకు ముందు బాస్ లోతు తక్కువ కయ్యల్లోకి వచ్చే కాలం. మోడుల పక్కన పావు ఔన్సు తూటా ఆకారపు గుండు, 3/0 సైజు గాలం ముల్లు, ఎరగా ప్లాస్టిక్ లిజర్డ్, 15 పౌండ్ల దారం చాలు. ముల్లు కొసను ప్లాస్టిక్‌లోనే దాచాలి, లేకపోతే ప్రతి కొమ్మా చేపే.

కూరకయితే మేం బాస్ జోలికి పోం, క్రాపీ అనే చిన్న చేపే. హైవే 154 వంతెన స్తంభాల దగ్గర, మోడుల మధ్య ఆరేడు అడుగుల లోతులో బతికున్న మిన్నో చేపపిల్లను, లేదా ఔన్సులో పదహారో వంతు జిగ్ (గుండు తల ఉన్న ముల్లు) వేలాడదీయాలి. సన్న తీగ ముల్లు వాడితే కొమ్మకు చిక్కుకున్నా లాగితే వంగి ఊడి వస్తుంది, దారం తెగదు. ముల్లును పటకారుతో మళ్లీ సరిచేసుకోవచ్చు. మార్చిలో పది అంగుళాలు దాటినవే, మనిషికి 25. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా నియమం తిరగబడుతుంది: చిన్నదైనా పట్టిన ప్రతి క్రాపీని ఉంచుకోవాల్సిందే, ఎందుకంటే చలికాలం లోతుల్లోంచి లాగిన చేప గాలితిత్తి ఉబ్బి వదిలినా బతకదు. నీటి మీద ఉండగా చేప తల, తోక తీయకూడదు. క్రాపీ కండ మెత్తన, వేపుడుకు బాగుంటుంది, పులుసులో విడిపోతుంది. పులుసుకు క్యాట్‌ఫిషే సరి.

బోటు ఎక్కించేటప్పుడు ట్రెయిలర్‌ను మరీ లోతుకు దించుతారు, అప్పుడు బోటు తేలుతూ వంకరగా కూర్చుంటుంది. ట్రెయిలర్ మీద బోటు ఆనే చెక్కలు మొత్తం తడిపి, మళ్లీ మడ్‌గార్డుల పైభాగం నీటికి రెండంగుళాలు పైన ఉండేలా లాగితే తిన్నగా పడుతుంది. ర్యాంపు మీద నుంచి పైకి రాగానే ప్లగ్గు పీకి, చేపల తొట్టి, మిన్నో బకెట్టు నీళ్లన్నీ వదిలేయాలి. 2014 జులై నుంచి టెక్సాస్ అంతటా ఇది చట్టం. జీబ్రా మసల్స్ అనే చిన్న ఆల్చిప్పలు 2009లో టెక్సోమాలో, 2013లో మా ఇంటి పక్క లూయిస్‌విల్ చెరువులో స్థిరపడ్డాయి, వాటి పిల్లలు కంటికి కనబడవు, చెంబెడు నీళ్లలో ప్రయాణం చేస్తాయి. ఈస్ట్ టెక్సాస్‌లో జెయింట్ సాల్వినియా కూడా ఉంది, మన చెరువుల్లో గుర్రపుడెక్క లాంటి మొండి కలుపు. ఇరుసు మీద, ప్రొపెల్లర్ చుట్టూ ఒక్క ఆకు కూడా లేకుండా తీసేయాలి. మిగిలిన మిన్నోలు చెత్తడబ్బాలోకే, చెరువులోకి కాదు.

ఎమరీలో మళ్లీ హబ్‌లు, పట్టీలు. ఇంటికొచ్చాక ప్లగ్గు తీసే ఉంచి, ట్రెయిలర్ ముక్కు పైకెత్తి, మోటారును నిలువుగా కిందికి దింపి ఉంచాలి. పైకెత్తి ఉంచితే ప్రొపెల్లర్ హబ్‌లో వాననీరు నిలుస్తుంది, డాలస్‌లో చలి పడ్డ రాత్రి అది గడ్డకట్టి పగలగొడుతుంది. ప్రొపెల్లర్ విప్పి దాని వెనక చుట్టుకున్న గాలం దారం తీయాలి, అదే సీలును కోస్తుంది. ఏడాదికోసారో వంద గంటలకోసారో గేరు ఆయిలు మార్చేటప్పుడు కింది స్క్రూ ముందు విప్పి, తర్వాత పైది. మజ్జిగలా తెల్లగా కారితే నీళ్లు చేరాయి, సీలు మార్చకుండా కొత్త ఆయిలు పోయడం దండగ. నింపేది కిందినుంచే. పై రంధ్రంలోంచి బుడగలు ఆగి ఆయిలు వచ్చాక ముందు పై స్క్రూ బిగించి, అప్పుడు పంపు తీసి కింది స్క్రూ పెడితే లోపలి ఆయిలు బొట్లు తప్ప కారదు. స్క్రూల వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయండి.