శనివారం ఒక్కపొద్దు

శనివారం ఒక్కపొద్దు అంటే మన ఇళ్లలో ఎవరూ కారణం అడగరు. కూకట్‌పల్లి, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే కొందరు విద్యార్థులకు ఆ మాట ఇప్పుడు మరో విధంగానూ అక్కరకు వస్తోంది. రాత్రి మందు పార్టీ ఉందంటే పొద్దుటి టిఫిను, మధ్యాహ్నపు భోజనం మానేసి, ఆ క్యాలరీలను పెగ్గుల ఖాతాలో వేసుకుంటున్నారు. మా కళాశాలలో ఒక అమ్మాయి డబ్బాలోని పులిహోరను చెంచాతో అంచులకు నెట్టి, నాలుగు పల్లీలు మాత్రం ఏరుకుని తిని మూత పెట్టేసింది. "ఒక్కపొద్దా అమ్మా?" అంటే, "రాత్రి ఫ్రెండు బర్త్‌డే ఉంది మేడమ్" అంది.

ఆల్కహాల్ గ్రాముకు 7 క్యాలరీలు, అన్నంలోని పిండిపదార్థం గ్రాముకు 4, 60 మి.లీ. విస్కీలో సుమారు 140. ఈ లెక్కలు పిల్లలకు నోటికి వచ్చు. వాళ్ల లెక్కకు అందనిది లోపల జరిగేది. కడుపులో అన్నం ఉంటే మద్యం చిన్నప్రేగులోకి మెల్లగా దిగుతుంది, లేకపోతే త్వరగా దిగి రక్తంలో కలుస్తుంది. పైగా పగలంతా పస్తున్నవారి కాలేయంలో గ్లూకోజు నిల్వలు అప్పటికే తరిగిపోయి ఉంటాయి, మద్యాన్ని వదిలించుకునే పనిలో పడ్డ కాలేయం కొత్త గ్లూకోజును సరిగా తయారు చేయలేదు. అటువంటప్పుడు రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పినా, పక్కవాళ్లు మత్తే అనుకుని దుప్పటి కప్పి వదిలేస్తారు.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. డిగ్రీ పిల్లల్లో చాలామందికి ఆ వయసు లేదు కనుక, ఇంట్లో తెలిసిపోతుందన్న భయంతో 108కి ఫోన్ చేయడానికీ జంకుతారు.

అర్ధరాత్రి ఆకలికి తాళలేక బిర్యానీ మీద పడటం, తిన్నందుకు బాధపడి వేలు పెట్టుకుని కక్కేయడం, మర్నాడు మళ్లీ పస్తుండటం వేరే కథ కాదు, దీనికి కొనసాగింపే. అయితే వైద్యుల వర్గీకరణలో ఈ అలవాటుకు విడిగా ఒక రోగంగా చోటు లేదు, పెద్దల దృష్టేమో సీసా మీదే ఉంటుంది. "తాగావా?" అంటే అబద్ధం వస్తుంది, "మధ్యాహ్నం ఏం తిన్నావు?" అంటే చాలామంది నిజమే చెబుతారన్నది నా అనుభవం. ఆ జవాబు వరుసగా కొన్ని వారాలు "ఏమీ లేదు" అయితే వైద్యుల సలహా అవసరమే. మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరెత్తితే ఎగతాళిగా నవ్వే అలవాటు మన ఊరికి ఇంకా పోలేదు గనుక, అక్కడి ఆసుపత్రి మెట్లెక్కడానికి వెనకాడేవారు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రివేళ కూడా ఎత్తుతారు.