విమానాల దారి కింద

టోక్యోకి పడమటి అంచున ఫుస్సాలో ఉంటున్నాను. నేషనల్ రూట్ 16 దాటితే యొకొతా, అమెరికన్ ఎయిర్‌బేస్. విమానం దిగుతుంటే అమ్మ ఫోన్లో "ఆ మోతేంటే?" అంటుంది. దగ్గర్లోనే ఉన్న మా ఆఫీసులో మాత్రం దాని ఊసెవరూ ఎత్తరు. మీటింగ్‌లో మాట్లాడేవాళ్లు ఆగుతారు, చప్పుడు పోయాక ఆపిన చోటి నుంచే మొదలెడతారు.

ఆఫీసు వాళ్లంతా కలిసి తాగే నోమికాయ్‌లో, రిటైర్మెంట్ దగ్గరపడ్డ సీనియర్‌ని బేస్ గురించి అడిగాను. ఆయన ఒక సినిమా పేరు చెప్పి, "ఇది సెకుహారా కిందికి రాదు కదా?" అని రెండుసార్లు అడిగారు. లైంగిక వేధింపుల్ని ఇక్కడ అలాగే అంటారు.

అది తకెచి తెత్సుజి 1965లో తీసిన 'కురోయి యుకి', అంటే నల్లమంచు. కథంతా యొకొతా పక్కన, అమెరికన్ సైనికులొచ్చే వేశ్యాగృహం చుట్టూ తిరుగుతుంది. ఒక అమ్మాయి ఒంటిమీద నూలుపోగు లేకుండా బేస్ కంచె వెంట పరుగెడుతుంది. అశ్లీలమని కేసు పెట్టారు. అమెరికా ముందు దిక్కులేకుండా నిలబడ్డ జపాన్‌కి ఆ నగ్నత్వం గుర్తని తకెచి వాదన. అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ జనం వీధుల్ని ముంచెత్తి అప్పటికి ఐదేళ్లే. 1967లో కింది కోర్టు, 1969లో హైకోర్టు కేసు కొట్టేశాయి.

అదే 1965లో వకమత్సు కోజి సినిమా బెర్లిన్ ఉత్సవానికి వెళితే, దేశం పరువు తీశాడని ఇక్కడ గగ్గోలు. ఇలాంటి శృంగార సినిమాల్ని 'పింక్' అంటారు, గంటకి కాస్త అటూ ఇటూ నడుస్తాయి, ఖర్చు తక్కువ. అడిగినన్ని పడక సీన్లు ఇచ్చేస్తే, మిగతా నిడివిలో విద్యార్థి ఉద్యమం గురించి ఏం చెప్పినా పట్టించుకునేవాడు లేడు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. దేశం ఓడిందని చెప్పడానికి ప్రతిసారీ ఆడదాని ఒళ్లే కావాలా? వకమత్సు కోపం నిజమైనదే, దెబ్బలు తినేది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే.

ఒషిమా నగిసా 1976లో తీసిన 'ఐ నో కొరీదా' అందుకే వేరుగా అనిపించింది. అందులో కోరిక కథానాయికది. కథాకాలం 1936. సైనికులు కవాతు చేస్తుంటే జనం జెండాలు ఊపుతారు, ఆమె ప్రియుడు తలవంచుకుని వాళ్లకి ఎదురుదిక్కున నడిచిపోతాడు. ఇక్కడి చట్టం ఒప్పుకోదని ఫిల్మ్‌ని ఫ్రాన్స్ పంపి డెవలప్ చేయించారు. చివరికి కేసు పెట్టింది సినిమా మీద కాదు, స్క్రిప్టూ ఫొటోలూ అచ్చేసిన పుస్తకం మీద. 1982లో హైకోర్టులో అదీ వీగిపోయింది.