నాలుక చేసే పగుళ్లు

జనవరి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. రాత్రి.

తెల్లారి చలి, పగలు పొడిగాలి, ఆఫీసుల్లో ఏసీ. మెట్రోలో ఎదుటి సీట్లో కూర్చున్న పిల్లాడు అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పెదవులు తడుపుకుంటూనే ఉన్నాడు. నోటి చుట్టూ నాలుక అందినంత మేర ఎర్రటి వలయం. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

పెదవికి చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులు దాదాపు లేవు, పైపొర బాగా పలచన. ఉమ్మి తడి ఆరిపోతూ, పెదవిలో ఉన్న తేమనూ పట్టుకుపోతుంది. పైగా అందులో అన్నాన్ని అరిగించే ఎంజైములుంటాయి, అవి పగులులో పడితే మంటే. మండుతోందని మళ్లీ తడపడం.

దీన్ని ఆపడానికి ఖరీదైన బామ్ అక్కర్లేదు. వాసనా రంగూ లేని పెట్రోలియం జెల్లీ పెసరగింజంత చాలు. మొహం కడిగాక తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. తర్వాత రెండు మూడు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ, పడుకునేముందు కాస్త మందంగా. చల్లగా ఉంటాయని కొనే మెంథాల్, కర్పూరం బామ్‌లు పగిలిన పెదవిని ఇంకా రేపుతాయి. తియ్యటి వాసనవైతే నాలుక అటే పోతుంది. పెచ్చు లేస్తే పీకొద్దు, నెత్తురొస్తుంది. గోరువెచ్చని తడిగుడ్డ రెండు నిమిషాలు ఆనించి జెల్లీ రాస్తే దానంతటదే రాలుతుంది.

రెండు వారాలైనా తగ్గకపోతే టూత్‌పేస్టునీ లిప్‌స్టిక్‌నీ అనుమానించాలి. ఘాటైన పేస్టు మానేసి చూడటం తేలిక. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడేవాళ్లకు పెదవులు ఎండటం మామూలే, జెల్లీ జేబులో ఉండాల్సిందే.

నోటి మూలలు చీలడం వేరే సంగతి. ఉమ్మి నిలిచిన మడతలో కాండిడా అనే ఫంగస్ చేరుతుంది, కట్టుడు పళ్లు వదులైన పెద్దవాళ్లకు మరీను. డాక్టర్లు తరచూ ఫంగస్‌ను చంపే క్లోట్రిమజోల్ క్రీమ్ రాసిస్తారు. మళ్లీ మళ్లీ వస్తుంటే ఐరన్, బి12, షుగర్ పరీక్షలు చేయించాలి. "అన్నా, బీ కాంప్లెక్స్ ఇయ్యి" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటే అన్ని చీలికలూ మానవు.

అసలు భయం ఘాటైన స్టెరాయిడ్ ట్యూబులతో. క్లోబెటసాల్ రాస్తే రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆపగానే రెట్టింపై తిరిగొస్తుంది, చర్మం పలచబడుతుంది. వాపు ఎక్కువుంటే డాక్టరే తేలికపాటి స్టెరాయిడ్, ఒక శాతం హైడ్రోకార్టిసోన్, కొద్ది రోజులకు ఇస్తారు.

సాయంత్రం మోండా మార్కెట్‌లో కూరలమ్మే తాత కింది పెదవి మీద తెల్లటి గరుకు మచ్చ. ఏళ్ల తరబడి ఎండ తగిలిన పెదవి అది. మూడు వారాలకు మించి మానని మచ్చైతే జెల్లీతో సరిపెట్టకూడదు. ఉస్మానియాలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లమని రేపు పొద్దున్నే ఆయనకు చెప్పాలి.