ప్రైవేటు డిటెన్షన్ సెంటర్‌లో ఉబ్బసం మందు కోసం: టెక్సస్‌లో నా అనుభవం

చదువు కోసం అమెరికా వచ్చి, విద్యార్థి హోదా కోల్పోయిన మా మేనల్లుడిని ఇమిగ్రేషన్ అధికారులు టెక్సస్‌లోని ఒక డిటెన్షన్ సెంటర్‌లో పెట్టారు. పోయిన శుక్రవారం విడుదలయ్యాడు. ఇలాంటి కష్టం వచ్చిపడిన మన కుటుంబాలకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ఆచూకీ తెలుసుకోవడం తేలికే. ఏ-నంబరు (ఇమిగ్రేషన్ వారు ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), పుట్టిన దేశం ఇస్తే ఐస్ (ICE, నిర్బంధాలు చూసే ఇమిగ్రేషన్ శాఖ) వెబ్‌సైటు చెబుతుంది. ములాకత్ వేళ కూడా ఫోనులోనే దొరికింది.

ఆ సెంటరును నడిపేది ప్రభుత్వం కాదు, ఒక కంపెనీ. అమెరికా రాష్ట్ర, ఫెడరల్ ఖైదీలలో ప్రైవేటు జైళ్ళలో ఉండేవారు పదిమందిలో ఒకరికన్నా తక్కువ. ఇమిగ్రేషన్ నిర్బంధంలో ఉన్నవారిలో మాత్రం అత్యధికులు ఈ కంపెనీల కాపలాలోనే ఉంటారు. ప్రభుత్వం కట్టాలంటే ఏళ్ళు పట్టే భవనాన్ని కంపెనీ త్వరగా సిద్ధం చేస్తుందని సమర్థకులు అంటారు. అది నిజమే కావచ్చు. నేను చూసిన భవనం కొత్తది, శుభ్రంగా ఉంది, కౌంటరులోని వారు మర్యాదగానే మాట్లాడారు.

కాని మావాడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. రోజూ రెండు పూటలా పీల్చవలసిన ఇన్‌హేలర్ ఇవ్వకుండా, ఆయాసం ముదిరినప్పుడు వాడేది ఒక్కటే ఇచ్చారు. అద్దానికి అవతల, ఉక్కు తీగ ఉన్న ఫోను చెవికి ఆనించుకుని, “మామయ్యా, రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతున్నాను, అమ్మకు చెప్పకండి” అన్నాడు. ఆ ఒక్క మాటకే మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

డాక్టరు చీటీతో కౌంటరుకు వెళితే, వైద్య విభాగం వేరే కాంట్రాక్టు, తమకు సంబంధం లేదన్నారు. వైద్య విభాగానికి ఫోను చేస్తే, అతడి సంతకం లేనిదే ఏమీ చెప్పమన్నారు. సంతకానికి కావలసిన కాగితం ఎవరిస్తారంటే, కౌంటరులో అడగమన్నారు. ఐస్ కార్యాలయానికి వెళితే, రోజువారీ నిర్వహణ కంపెనీది కాబట్టి అక్కడే తేల్చుకోమన్న అధికారి, చీటీ చదవకుండానే వేలితో నా వైపు తోసేశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో పన్నులు కడుతున్న నాకు ఆ క్షణంలో కలిగిన అవమానం ఇంతా అంతా కాదు. లోపల నుంచి మావాడు రాసిన ఫిర్యాదు కూడా ముందు చేరేది ఆ కంపెనీ మనుషులకే.

ప్రైవేటు జైలులోని అసలు లోపం ఇదే: జవాబుదారీ ఎవరో తేలదు. మన రాష్ట్రాల జైళ్ళు ఎంత ఇరుకైనా, సూపరింటెండెంట్ పేరిట అర్జీ పెట్టవచ్చు, సమాచార హక్కు చట్టం కింద నిలదీయవచ్చు. ఇక్కడి సమాచార చట్టం ప్రభుత్వ శాఖకే గాని, కంపెనీకి నేరుగా వర్తించదు. డబ్బుకు మాత్రం లోటు లేదు. ఇన్ని పడకలకు తప్పక చెల్లిస్తామనే హామీలున్న కాంట్రాక్టుల వల్ల, 2020 మే నెలలో వాడని పడకలకే ఐస్ రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసిందని ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో తేల్చింది. ఖాళీ మంచానికి డబ్బు కట్టగల ప్రభుత్వం, మంచం మీద ఊపిరాడని కుర్రాడికి మందు ఇప్పించలేదా?

చివరికి పని జరిగింది మా ప్రాంతపు కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడి కార్యాలయం వల్ల. లాయరు లోపలికి వెళ్ళి ప్రైవసీ రిలీజ్ ఫారం (తన వివరాలు ఆ కార్యాలయానికి చెప్పవచ్చని ఇచ్చే అనుమతి పత్రం) మీద మావాడి సంతకం చేయించుకు వచ్చారు; ఎవరు ఏ తేదీన ఏమన్నారో వివరిస్తూ లేఖ నేనే రాశాను, అందులో లాయరు ఒక్క మాట మార్చలేదు. ఆ వారంలోనే ఇన్‌హేలర్ ఇచ్చారు. మొదటి రోజే ఆ ఫారం సంతకం చేయించుకోండి. లోపల తమకు తెలిసినవారున్నారని వాట్సాప్ గ్రూపుల్లో డబ్బు అడిగే మనవాళ్ళను గుమ్మం తొక్కనివ్వకండి.

జడ్జి బాండు (విడుదలకు పూచీగా కట్టే సొమ్ము) మంజూరు చేశాక, ఐస్ ఆన్‌లైన్ పద్ధతిలో నేరుగా బ్యాంకు నుంచి కట్టాను, ఇబ్బంది కలగలేదు. షరతులు పాటిస్తే కేసు ముగిశాక ఆ సొమ్ము కట్టినవారికే తిరిగి వస్తుంది కాబట్టి, రసీదు భద్రపరచి, చిరునామా మారితే ఐస్‌కు తెలియజేయండి.