గెలిచిన మర్నాడే ఊస్టింగ్

2023 దీపావళి రోజు గారెల మూకుడు ముందు ఉన్నాను, ఫోన్ మోగింది. "అన్నా, జింబోని పీకేశారు!" దీపావళి శుభాకాంక్షలు కూడా చెప్పలేదు తమ్ముడు. అమెరికాలో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో ఎం.ఎస్. చేసినప్పటి నుంచి వాడికి అక్కడి టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ టీమ్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి.

ముందు రోజు రాత్రేగా మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ టీమ్‌ని 51-10తో చితక్కొట్టారు! తెల్లారి ఆదివారం, టీమ్ కోచ్ జింబో ఫిషర్ ఇంటికి.

ఆరు సీజన్లలో 45 గెలుపులు, 25 ఓటములు. లక్ష మంది పట్టే వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్ జనానికి అది ఆనదు, నిజమే. అంతకు ముందు ఏడాది సొంత గడ్డ మీద అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న టీమ్ చేతిలో ఓడినప్పుడు మా వాడు అన్నం కూడా సరిగా తినలేదు.

కానీ 7.5 కోట్ల డాలర్లకు పైగా చేతిలో పెట్టి మరీ పంపడం ఏంటండీ? మన లెక్కలో 600 కోట్లు దాటింది. పని చేయనందుకు! 2020 సీజన్‌లో పదింట తొమ్మిది మ్యాచ్‌లు గెలిచారని మురిసిపోయి, మరుసటి ఏడాదే 2031 దాకా కాంట్రాక్ట్ రాసిచ్చారు. నన్నడిగితే అసలు తొందరపాటు అక్కడే.

"సీజన్‌లో ఇంకో రెండు మ్యాచ్‌లేగా, ఆగొచ్చుగా" అన్నాను. కాలేజీ టీముల్లో చేరే హైస్కూల్ కుర్రాళ్ల సంతకాలు డిసెంబర్‌లో ఉంటాయట, ఆలోపు కొత్త కోచ్ రావాలట. సరే, ఆ లెక్క అర్థమైంది. మరి పాత కోచ్ ముఖం చూసి చేరిన పిల్లలో? వేరే కాలేజీకి మారొచ్చులే అని తేల్చేసి, "కొత్తగా ఎవరొస్తారంటావ్?" అని మొదలెట్టాడు.